పాత రోడ్ సైకిల్‌కు కొండ గేర్లు: క్రాంక్ మార్చడం మేలా, కాసెట్ మార్చడం మేలా?

ఇరవై ఏళ్ల కిందటి రోడ్ సైకిళ్లలో చాలావాటికి ముందు క్రాంక్ (పెడల్ కాడలు, పళ్ల రింగులు ఉండే భాగం) మీద 53, 39 పళ్ల రింగులు, వెనుక 12 నుంచి 25 పళ్ల వరకు ఉండే కాసెట్ (పళ్ల చక్రాల దొంతర) కనిపిస్తాయి. అవి పందెగాళ్ల కాళ్లను దృష్టిలో పెట్టుకొని కూర్చిన గేర్లు. మనిషి, సైకిల్ కలిపి 85 కిలోలు ఉన్నారనుకుంటే, 8 శాతం ఏటవాలు మీద ఆ సైకిల్‌లోని అతి తేలిక గేరులో పెడల్‌ను నిమిషానికి 60 సార్లు తిప్పడానికి సుమారు 240 వాట్ల శక్తి కావాలి. వారాంతాల్లో తొక్కే చాలామందికి అది గంటసేపు నిలబెట్టగలిగే శక్తి కాదు. అందువల్ల పెడల్ వేగం 45కు, 40కు పడిపోతుంది, అదే శక్తిని తేలిక గేరులో వేగంగా తిప్పి ఇవ్వడం కన్నా ఒక్కో చుట్టుకూ పెడల్ మీద ఎక్కువ బలం మోపవలసి వస్తుంది, ఆ భారమంతా మోకాళ్ల మీద పడుతుంది. నంది కొండ చివరి మలుపుల్లోనైనా, శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు వెళ్లే ఘాట్‌లోనైనా ఈ ఇబ్బంది ఒకటే.

ముందు పళ్లను వెనుక పళ్లతో భాగిస్తే వచ్చే సంఖ్య ఎంత చిన్నదైతే గేరు అంత తేలిక. 39ని 25తో భాగిస్తే 1.56 వస్తుంది. దీన్ని తగ్గించడానికి అందుబాటులో ఉన్న దారులు ప్రధానంగా మూడు: కాంపాక్ట్ క్రాంక్, మూడు రింగుల క్రాంక్, పెద్ద కాసెట్.

అందరూ ముందుగా సూచించేది 50, 34 పళ్ల కాంపాక్ట్ క్రాంక్. పాత 53–39 క్రాంక్‌లోనే చిన్న రింగు వేసుకోవచ్చు కదా అని అడిగేవారుంటారు. రింగును బిగించే బోల్టుల వలయం వ్యాసం షిమానో కంపెనీ పాత రోడ్ క్రాంకుల్లో 130 మి.మీ., కాబట్టి దాని మీద 38 పళ్లకంటే చిన్న రింగు పట్టదు. పాత కాంపాగ్నోలో కంపెనీ 135 మి.మీ. క్రాంకుల మీద 39తోనే ఆగిపోవాలి. 34 కావాలంటే 110 మి.మీ. వలయం ఉన్న క్రాంక్ మొత్తాన్నీ కొనాలి. పాత సైకిల్‌లో చదరపు ఇరుసో, ఆక్టాలింక్ అనే పాత షిమానో రకం ఇరుసో ఉంటే బాటమ్ బ్రాకెట్‌ను (క్రాంక్ ఇరుసు తిరిగే బేరింగుల భాగాన్ని) కూడా దానితో పాటే మార్చవలసి వస్తుంది. పెద్ద రింగు చిన్నదవుతుంది కనుక ముందు డిరైలర్‌ను (చైన్‌ను ఒక రింగు నుంచి మరొకదానికి జరిపే పరికరాన్ని) సుమారు 6 మి.మీ. కిందికి దించాలి. ఫ్రేమ్‌కే అతికించిన బిగింపు ఉన్న సైకిళ్లలో కొన్నిటికి అంత కిందికి దిగే చోటు ఉండదు.

ఇంత చేశాక దక్కేదెంత? 34–25 గేరు 1.36, అంటే 13 శాతం తేలిక. పైన చెప్పిన ఏటవాలు మీద అదే పెడల్ వేగానికి 240 వాట్లకు బదులు 208 వాట్లు చాలు. ఇది నిజమైన లాభమే అయినా, పెట్టిన ఖర్చుకూ పడిన శ్రమకూ తగినంత లాభం కాదని నా అభిప్రాయం. పైగా రెండు రింగుల మధ్య తేడా 14 పళ్ల నుంచి 16కు పెరగడంతో రింగు మార్చిన ప్రతిసారీ వెనుక రెండు గేర్లు సర్దుకోవలసి వస్తుంది, చైన్ లోపలికి జారిపడే అవకాశమూ పెరుగుతుంది.

మూడు రింగుల క్రాంక్ అన్నిటికన్నా లోతైన గేర్లు ఇస్తుంది. దాని లోపలి రింగుకు వేరుగా 74 మి.మీ. వలయం ఉంటుంది కనుక 30 పళ్ల చోట 26 కూడా వేసుకోవచ్చు. అయితే క్రాంక్, బాటమ్ బ్రాకెట్, ముందు, వెనుక డిరైలర్లు, చాలా సైకిళ్లలో ఎడమ షిఫ్టర్ (గేరు మార్చే మీట) కూడా మార్చాలి. సైకిల్ కొన్నప్పుడే మూడు రింగులు ఉంటే వాటిని తీసివేయకండి, అది అదృష్టమే. లేనిచోట కొత్తగా కూర్చడం దండగ.

ఇక వెనుక భాగం. ఇక్కడ కొంత వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం దక్కేదీ, అనుకూలత తెలియక వస్తువులు వృథా అయ్యేదీ ఇక్కడే. పొట్టి కేజ్ (చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే కింది చట్రం) ఉన్న పాత రోడ్ డిరైలర్‌కు రెండు పరిమితులు ఉంటాయి. మొదటిది, అది ఎక్కగలిగే అతి పెద్ద పళ్ల చక్రం. షిమానో 105 శ్రేణిలోని 5600 డిరైలర్‌కు ఇది అధికారికంగా 27. రెండోది, అది లాగి ఉంచగలిగే చైన్ వదులు. ముందు రింగుల తేడాకు వెనుక చక్రాల తేడాను కలిపితే ఆ లెక్క వస్తుంది. 53–39కి 12–25 చేర్చితే 27 అవుతుంది, 5600 పొట్టి కేజ్ 29 వరకు మోస్తుంది. అదే కేజ్‌తో కాంపాక్ట్ క్రాంక్, 12–27 కాసెట్ కలిపితే 31 అవుతుంది, అంటే కాంపాక్ట్ మార్గంలోనూ డిరైలర్ పరిమితి దాటుతున్నట్టే. చిన్న రింగు, చిన్న చక్రం కలిసినప్పుడు చైన్ వేలాడుతుంది.

డిరైలర్ మార్చకుండా 12–27 కాసెట్ మాత్రం వేస్తే 1.44 వస్తుంది. నష్టం లేదు గానీ కొండ మీద తేడా పెద్దగా తెలియదు. అసలు మార్పు కావాలంటే పొడవు కేజ్ ఉన్న 9-స్పీడ్ (వెనుక తొమ్మిది చక్రాల) మౌంటెన్ సైకిల్ డిరైలర్ బిగించి, 11–34 కాసెట్ వేయాలి. షిమానో 9-స్పీడ్, 10-స్పీడ్ రోడ్ షిఫ్టర్లు కేబుల్‌ను లాగే కొలతకు 9-స్పీడ్ మౌంటెన్ డిరైలర్లు సరిగ్గా సరిపోతాయి. ఇండెక్స్ (మీట నొక్కిన ప్రతిసారీ చైన్ సరిగ్గా ఒక చక్రం జరగడం) ఏ మాత్రం తప్పదు. 10-స్పీడ్ మౌంటెన్ డిరైలర్ మాత్రం సరిపోదు, కేబుల్ లాగిన కొలతకు అది కదిలే దూరం వేరు. సైకిల్ 10-స్పీడ్‌ది కదా, డిరైలర్ కూడా 10-స్పీడ్‌దే కావాలని కొనుక్కోవడం ఇక్కడ పొరపాటు. షిమానో టియాగ్రా 4700 అనే 10-స్పీడ్ శ్రేణి దీనికి మినహాయింపు. దాని షిఫ్టర్లు వేరే కొలతలో లాగుతాయి కనుక ఈ ఉపాయం దానికి వర్తించదు.

ఈ మార్పుతో 39–34 గేరు 1.15కు దిగుతుంది, అంటే 26 శాతం తేలిక. 240 వాట్లు 175కు తగ్గుతాయి. కాంపాక్ట్ క్రాంక్‌కు 28 పళ్ల చక్రం కలిపినా 1.21 దగ్గరే ఆగుతుంది. క్రాంక్, బాటమ్ బ్రాకెట్, ముందు డిరైలర్ ఏవీ కదలవు, కాసెట్, చైన్, వెనుక డిరైలర్ మాత్రమే మారతాయి. పాత సైకిల్‌లో కాసెట్, చైన్ ఎలాగూ అరిగి ఉంటాయి కనుక అదనపు ఖర్చు నిజానికి డిరైలర్ ఒక్కటే.

దీనికీ ఒక మూల్యం ఉంది. 9-స్పీడ్ 11–34లో చక్రాల వరుస 11, 13, 15, 17, 20, 23, 26, 30, 34. 17 నుంచి 20కి మారినప్పుడు కాళ్ల వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. గుంపులో ఎదురుగాలికి తొక్కేటప్పుడు నడుమ మరో గేరు ఉంటే బాగుండునని తప్పక అనిపిస్తుంది. చదునైన కోస్తా రోడ్ల మీద వేగంగా తొక్కడమే ముఖ్యమనుకునేవారు, ఏడాదిలో ఏదో ఒకసారి కొండ ఎక్కేవారు కాంపాక్ట్ క్రాంక్‌ను ఎంచుకోవడంలో తప్పులేదు. దగ్గర దగ్గర గేర్లు వారికే ఎక్కువ అవసరం. 200 కి.మీ. బ్రెవేలకు (నిర్ణీత గడువులో పూర్తిచేసే దూర సవారీలకు) వెళ్లేవారికి, సామాను కట్టుకొని ఘాట్‌లు ఎక్కేవారికి మాత్రం వెనుక మార్పే మేలు. అప్పటికీ చాలకపోతే, డబ్బు సమకూరినప్పుడు కాంపాక్ట్ క్రాంక్ చేర్చితే 34–34, సరిగ్గా 1.0 అవుతుంది.

తేలిక గేరును చిన్నతనంగా భావించేవారు ఇప్పటికీ ఉన్నారు. టూర్ డి ఫ్రాన్స్ నిర్వాహకులే 1937 వరకు పందెంలో డిరైలర్‌ను అనుమతించలేదు, అనుమతించాక ఎవరూ వెనక్కి పోలేదు.

బిగించేటప్పుడు పాత చైన్‌ను అలాగే ఉంచవద్దు, అది 34 పళ్లకు చాలదు. కొత్త చైన్‌ను డిరైలర్ గుండా పోనివ్వకుండా ముందు పెద్ద రింగు, వెనుక పెద్ద చక్రం మీదుగా చుట్టి, కొసలు కలిసే చోటికి రెండు లింకులు అదనంగా ఉంచి కత్తిరించాలి. చైన్ పొట్టిదైతే పొరపాటున 53–34 గేరు పడిన క్షణంలోనే డిరైలర్ విరగవచ్చు, డిరైలర్‌ను ఫ్రేమ్‌కు తగిలించే హ్యాంగర్ కూడా వంగవచ్చు. వెనుక పెద్ద చక్రానికి డిరైలర్ గైడ్ పుల్లీ (పై చిన్న కప్పీ) తగులుతుంటే బీ-స్క్రూను (వాటి మధ్య దూరాన్ని సర్దే మరను) బిగిస్తూ పోవాలి. చివరగా స్టాండ్ మీద పెడల్ తిప్పుతూ అన్ని గేర్లూ వేసి చూసిన తరువాతే రోడ్డు మీదికి తీసుకెళ్లాలి.