ఎంజీఎంటీ టెస్టా, మొత్తం మిథైలేషన్ టెస్టా?

మా బావ తలలోంచి గడ్డ తీసినాక ఆ గడ్డ ముక్కను మైనంలో పెట్టిన చిన్న బిళ్ల మా చేతికి ఇచ్చినారు. బ్లాక్ అంటారు. చిత్తూరులో వేలూరు బస్సెక్కి, ఎండకు కరుగుతుందేమోనని దాన్ని నీళ్ల బాటిల్‌కు ఆనించి ఒళ్లో పెట్టుకుని పోయినాను. ల్యాబ్‌లో పాప నవ్వింది. "అంత సులభంగా కరగదులే అన్నా. ఏ టెస్టు చేయాలో చెప్పు."

అదే నాకు తెలీదు.

రిపోర్టులో ఉండేది గ్లయోబ్లాస్టోమా, అంటే మెదడులో వచ్చే ఒక రకం క్యాన్సర్ గడ్డ. దీనికి రేడియేషన్‌తో పాటు ఇచ్చే టెమోజోలోమైడ్ మాత్ర క్యాన్సర్ కణం డీఎన్‌ఏను దెబ్బకొడుతుంది. ఎంజీఎంటీ జన్యువు తయారుచేసే ప్రోటీన్ ఆ దెబ్బను మాన్పేస్తుంది. ఆ జన్యువు మొదలయ్యే చోట మిథైల్ అనే చిన్న రసాయనపు ముక్క అతుక్కుంటే అది మూగబోతుంది, మందు పని సులువవుతుంది. ఎంజీఎంటీ టెస్టు చూసేది ఆ మిథైల్ ఉందా లేదా అనే. 2005 నాటి అధ్యయనంలో, జన్యువు మూగబోయి, రేడియేషన్‌తో మాత్రలూ వాడినవాళ్లలో సగంమంది 21.7 నెలలు దాటి బతికినారు. ఒట్టి రేడియేషన్‌తో అది 15.3. జన్యువు పనిచేస్తా ఉన్నవాళ్లలో మాత్రలతో 12.7, ఒట్టి రేడియేషన్‌తో 11.8. నెల కూడా తేడా లేదు.

ఎంజీఎంటీ ప్రోటీన్‌కు రంగు వేసి చూసే పద్ధతి ఉంది. నేను వద్దంటాను. గడ్డలో కలిసిన రక్తనాళాలు, తెల్లకణాలు కూడా ఆ రంగునే పట్టుకుంటాయి. ఐడీహెచ్ అనే ఇంకో జన్యువులోని మార్పు పట్టడానికైతే ఇదే రంగు పద్ధతి బాగా పనికొస్తుంది, దాన్ని మానుకోవద్దు.

మొత్తం మిథైలేషన్ టెస్టు సంగతి వేరే. డీఎన్‌ఏ మీద లక్షల చోట్ల మిథైల్ ఉందా లేదా అని ఒకేసారి చూస్తారు, గడ్డ ఏ రకమో చెప్పేస్తారు, ఎంజీఎంటీ కూడా అందులోనే తేలుతుంది. 2018లో జర్మనీలోని హైడెల్‌బర్గ్ బృందం దీన్ని పరీక్షిస్తే వందలో సుమారు 12 మందికి ముందు చెప్పిన జబ్బు పేరే మారిపోయింది. పిల్లల గడ్డలకు, మైక్రోస్కోప్ కింద డాక్టర్లకే అనుమానం మిగిలిన గడ్డలకు ఇదే మేలు. ఖర్చు మాత్రం చాలా ఎక్కువ.

మా బావ వయసు 58, గ్లయోబ్లాస్టోమాలో అనుమానమేమీ లేదు, కావలసిందల్లా మాత్ర ఎంత పనిచేస్తుందో తెలియడం. డాక్టరుతో ఫోన్లో మాట్లాడి ఎంజీఎంటీ ఒక్కటే రాయించినాను. వారం తర్వాత బ్లాక్ తెచ్చుకుంటే, కోసి కోసి బాగా పలచబడి ఉంది. ఇంకో టెస్టు కావాలంటే మిగిలింది అంతే.