ఆరేళ్ల హెక్-రాస్ వాడకం: రిపోర్టును కాపాడిన కదిలే బొమ్మ

హెక్-రాస్‌తో పూడిక లెక్కలు మొదలుపెట్టి ఆరేళ్లయింది. హెక్-రాస్ అంటే నదిలో నీళ్లూ ఇసుకా ఎలా కదులుతాయో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్. అది ఉచితమని, అందులో ఏయే సూత్రాలున్నాయో వాడేవాళ్లందరికీ తెలుసు, అవి వదిలేస్తాను. నది అడుగు రోజురోజుకీ ఎక్కడ లేస్తోందో, ఎక్కడ కోసుకుపోతోందో సినిమాలా ఆడించే బొమ్మ ఒకటుంది కదా, దాని గురించే ఇదంతా. మొదట్లో అది క్లయింటును మురిపించడానికే అనుకున్నాను.

రెండేళ్ల క్రితం ఒక రిజర్వాయరు ఎగువన, ఇసుక నది మీద పదేళ్ల పూడిక అంచనా వెయ్యాల్సొచ్చింది. క్వాజీ-అన్‌స్టెడీ పద్ధతిలో, అంటే ఒక్కో మెట్టులో ప్రవాహం మారదనుకుని, దాన్ని రోజుకో మెట్టుగా ఇచ్చాను. ప్రతి మెట్టు పక్కనా కంప్యుటేషన్ ఇంక్రిమెంట్ గడి ఉంటుంది, ఎన్ని గంటలకోసారి అడుగును సరిచెయ్యాలో చెప్పడానికి. వేసవి రోజులకు 24 పెట్టి, అదే కిందిదాకా అంటించేశాను. ఆగస్టు వరదలకూ అదే పడింది. తప్పు పూర్తిగా నాదే. రాత్రి రన్ పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే ఎర్రర్ లేదు, మొత్తం పూడిక అంకె కూడా నమ్మేలాగే ఉంది. రిపోర్టు రాయడం మొదలుపెట్టేశాను.

టీ తాగుతూ ఊరికే బొమ్మ ఆడించాను. వేసవంతా ఉలకని అడుగు, వరద రాగానే రంపపు పళ్లలా లేచింది. ఒక క్రాస్ సెక్షన్ (నదిని అడ్డంగా కొలిచిన చోటు) దగ్గర మేట, పక్కదాని దగ్గర గుంట, మర్నాడు తారుమారు. ఆ 24 గంటలూ నీటి వేగం, లోతు మారనట్టే లెక్క కదా! మొదట్లో ఉన్న వేగంతోనే రోజంతా ఇసుక దించేస్తుంది. మర్నాటికి అక్కడ లోతు తగ్గి, వేగం పెరిగి, మేటంతా ఊడ్చుకుపోతుంది. మిట్టలూ గుంటలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోబట్టి మొత్తం అంకె మాత్రం బుద్ధిగా కనిపించింది. వరద రోజులకు పావుగంటకు దించాక రంపం పోయింది, రన్‌కు పట్టే టైము మాత్రం బాగా పెరిగింది.

అయితే బొమ్మను మరీ ఎత్తేశానేమో. ఇసుక ఎంత కొట్టుకుపోతుందో లెక్కగట్టే యాంగ్ సూత్రం తీసి ఎంగెలుండ్-హాన్సెన్ పెట్టాను. అదీ అంతే నునుపుగా కదిలింది, మేట మాత్రం చాలా తేడా. మేయర్-పీటర్ ముల్లర్ అడుగున దొర్లే గులకరాళ్ల కోసం 1948లో కట్టిన సూత్రం, నీళ్లలో కలిసి కొట్టుకుపోయే సన్న ఇసుకను లెక్కలోకే తీసుకోదు. దాంతోనూ బొమ్మ హాయిగా ఆడింది! వీటిలో ఏది మన నదికి సరిపోతుందో కొలతలతో పోల్చుకోవాల్సిందే. తుంగభద్ర రిజర్వాయరు నిల్వ సామర్థ్యం పూడికతో 133 టీఎంసీల నుంచి 105కు పడిపోయిందని తేలింది సర్వేలతోనే. నా రిజర్వాయరుకు పాత సర్వే ఒక్కటే దొరికింది, అందుకే రిపోర్టులో ఒక్క అంకె రాయకుండా ఇంతనుంచి ఇంతదాకా అని రాశాను.

నేను చూసేవి పొడవాటి, పెద్దగా వంపుల్లేని ఇసుక నదులు, పైగా నాది పాత ల్యాప్‌టాప్. వాటికి 1డీ, అంటే నది పొడవునా మాత్రమే చూసే లెక్క, చాలింది. ఒడ్డు కోతలు, డెల్టా పాయలు చూసేవాళ్ల సంగతి వేరు. హెక్-రాస్ 6.0 వెర్షన్ నుంచి 2డీ (నది అడ్డంగానూ చూసే) పూడిక లెక్కలూ వచ్చాయి, నా మిషన్ మీద వాటి జోలికి నేనింకా పోలేదు.