‘అది నార్మలే సార్’ అనగానే నమ్మేయకండి: కొత్త కారు కొనేవాళ్ళకి హెచ్చరిక

కొత్త కారు తీసుకోబోతున్నవాళ్ళు, ముఖ్యంగా నాలాగా స్కూటర్ నుంచి మొదటిసారి కారుకి మారుతున్నవాళ్ళు ఇది చదవండి. కారు పేరు, షోరూమ్ పేరు అడగొద్దు. వాళ్ళతో రాజీ కాగితం మీద సంతకం పెట్టాను కాబట్టి రాయలేను. అయినా ఇది ఏ కంపెనీ బండికైనా జరగొచ్చు.

మాది విజయవాడ. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి దిగింది కదా. అంతకుముందు చిన్న పెట్రోల్ కార్లకి సెస్‌తో కలిపి 29 శాతం ఉండేది. సరిగ్గా అదే రోజు నవరాత్రులు మొదలు. షోరూమ్‌లో జనం చూస్తే కార్లు ఊరికే పంచుతున్నారేమో అనిపించింది. మేమూ ఒక హ్యాచ్‌బ్యాక్ బుక్ చేశాం, ఏఎంటీ గేర్లది (అంటే గేర్లు వాటంతటవే మారేది). అన్నీ కలిపి 8 లక్షల పైచిలుకు. విజయదశమి రోజే, అక్టోబర్ 2న, బండి ఇంటికి రావాలని నాన్నగారి పట్టుదల. పంతులుగారిని అడిగి ముహూర్తం కూడా పెట్టించారు. ఆ ముహూర్తమే మా కొంప ముంచింది.

‘ఈ రంగులో ఒక్క బండే ఉంది సార్, ఇవాళ మొత్తం కట్టేస్తే దసరాకి ఇచ్చేస్తాం’ అన్నాడు సేల్స్ అబ్బాయి. కట్టేశాను. షోరూమ్‌వాళ్ళు కొత్త బళ్ళు నిలిపి ఉంచే యార్డుకి వెళ్ళి ఒకసారి బండి చూసుకుంటానంటే, ‘పండగ రద్దీ సార్, బయటివాళ్ళని రానివ్వట్లేదు’ అన్నాడు. ఊరుకున్నాను. మధ్యాహ్నం ముహూర్తానికి ఇస్తామన్న బండి చేతికొచ్చింది సాయంత్రం ఆరున్నరకి. పైన లైట్లు, బానెట్ మీద దండ, పక్కన కేకు, ఫోటోలు. ‘అన్నీ చూసుకున్నాను’ అని వాళ్ళే టిక్కులు పెట్టి ఉంచిన కాగితం మీద సంతకం చేసి, నిమ్మకాయలు తొక్కించి తెచ్చేశాం.

తర్వాత నెలంతా ప్రతి చప్పుడుకీ టెన్షనే. గుంటూరు వెళ్తుంటే కాజ టోల్‌గేట్ దాటాక లోపల టింగుమని మోగింది. పక్కకి ఆపి సర్వీస్ వాళ్ళకి ఫోన్ చేశాను. ‘అది నార్మలే సార్.’ నిజమే. గంటకి 80 కిలోమీటర్లు దాటితే అడపాదడపా, 120 దాటితే ఆగకుండా మోగాలన్నది రూలు. 2019 జులై నుంచి తయారైన కార్లన్నిటికీ ఉంది. కారు కింద నీళ్ళు కారాయి, అవి ఏసీ నీళ్ళు. వానలో తడిసిన మర్నాడు బ్రేక్ డిస్కుల మీద నారింజ రంగు తుప్పు, రెండుసార్లు బ్రేక్ వేస్తే పోయింది. ఇవి కూడా నార్మలే.

ఏఎంటీ గురించి మాత్రం కాస్త చెప్పాలి, ఎక్కువమంది భయపడేది దీనికే. బెంజ్ సర్కిల్ ట్రాఫిక్‌లో ఒకటో గేరు నుంచి రెండుకి మారినప్పుడల్లా మా అందరి తలలూ ముందుకి ఊగేవి. గేర్‌బాక్స్ పాడైందనుకున్నాను. ఏఎంటీ అంటే లోపల ఉన్నది మామూలు గేర్‌బాక్సే. క్లచ్ నొక్కి గేరు మార్చే పని మన కాలికీ చేతికీ బదులు యంత్రం చేస్తుంది. మారే ఆ క్షణం ఇంజిన్ బలం చక్రాలకి అందదు, అందుకే ఊగుతుంది. గేరు మారుతోందనిపించగానే యాక్సిలరేటర్ మీద కాలు కొంచెం తేలిక చేస్తే చాలావరకు పోతుంది. ఫ్లైఓవర్ ఎక్కుతూ మధ్యలో ఆగాల్సి వస్తే బ్రేక్ మీదే ఉండండి. కొంతమంది యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కిపట్టి బండిని అక్కడే నిలబెడతారు. అలా చేస్తే క్లచ్ కాలిపోతుంది, ఆ ఖర్చు వారంటీలో ఇవ్వరు.

ఇలా ఓ ఆరుసార్లు ఫోన్ చేసి ఉంటాను. చివరిసారి ఫోన్ ఎత్తిన అమ్మాయి నా నంబర్ చూసి పక్కవాళ్ళతో ‘ఆ సారే’ అనడం నాకు వినిపించింది.

డిసెంబర్‌లో అపార్ట్‌మెంట్ కింద ఎవరిదో స్కూటర్ గీసుకుని ఎడమ తలుపు మీద గీత పడింది. ఆటోనగర్‌లో మాకు తెలిసిన పెయింటింగ్ మేస్త్రి ఉంటే తీసుకెళ్ళాను. మిట్టమధ్యాహ్నం ఎండ. ఆయన బండి చుట్టూ ఒక రౌండ్ తిరిగి, ‘ఎడమ తలుపు సంగతి తర్వాత అన్నా, కుడివైపు వెనక తలుపుకి పెయింట్ ఎందుకు వేయించారు?’ అన్నాడు. వేయించలేదన్నాను. నవ్వి, తలుపు తీసి చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్‌ని గోరుతో వెనక్కి మడిచాడు. నల్ల రబ్బరు లోపలి అంచు మీద వెండి రంగు పొడి చల్లినట్టు ఉంది. కంపెనీలో ముందు రంగు వేసి తర్వాత రబ్బరు బిగిస్తారు, దాని మీద రంగు పడే అవకాశమే లేదు. తర్వాత బందుల బోల్టులు చూపించాడు. ముందు తలుపు బోల్టుల మీద రంగు నున్నగా, చెక్కుచెదరకుండా ఉంది. వెనక తలుపు బోల్టుల మూలల్లో రంగు లేచి ఇనుము కనపడుతోంది. అంటే స్పానర్ పడింది, తలుపు ఊడదీశారు. రంగు మందం చూసే చిన్న మీటరు ఆనిస్తే మిగతా బండంతా 100, 120 మైక్రాన్లు చూపించింది, ఆ తలుపు దగ్గర 300 దాటింది.

షోరూమ్‌కి వెళ్ళాను. మేనేజర్ తలుపు వంక చూసి ఏమన్నాడో మీరే ఊహించుకోండి. ‘ఎండలో అలాగే కనపడుతుంది, నార్మలే సార్.’

అక్కడి నుంచి ఫోన్లు మానేశాను. ఫోటోలు, మీటరు రీడింగులు, చాసిస్ నంబర్ (ఒక్కో బండికి విడిగా ఉండే నంబర్) పెట్టి కంపెనీ కస్టమర్ కేర్‌కి మెయిల్ రాశాను. యార్డులోకి బండి వచ్చినప్పుడు చేసిన తనిఖీ కాగితం ఇవ్వమని అడిగాను. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను. రెండు వారాలకి గొంతు మారింది. ‘ట్రక్కులో వస్తున్నప్పుడు చిన్న సొట్ట పడింది, సరిచేశాం’ అని రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. ముందు ఉచితంగా సిరామిక్ కోటింగ్, అంటే మెరుపు కోసం రంగు మీద వేసే పూత, చేస్తామన్నారు (సొట్ట తలుపుకి సిరామిక్ పూత!). చివరికి 30,000 రూపాయలు, ఎక్స్‌టెండెడ్ వారంటీ దగ్గర తెగింది. మా ఆవిడ జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళాల్సిందే అంది. చెల్లించిన ధర 5 నుంచి 10 లక్షల మధ్య ఉంటే ఫీజు 200 రూపాయలే, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. నాకే ఓపిక లేకపోయింది, ఆ టిక్కుల కాగితం మీద నా సంతకం కూడా గుర్తొచ్చింది.

కాబట్టి మొత్తం డబ్బు కట్టకముందే చాసిస్ నంబర్ అడగండి. ఆ నంబర్ మీద ఇన్సూరెన్స్, టెంపరరీ రిజిస్ట్రేషన్ అయిపోయాక ఆ బండి మీ సొంతమైపోయినట్టే, మార్చమంటే వినరు. యార్డుకి పగటిపూట వెళ్ళండి. నాలుగు తలుపుల బీడింగులూ, బోల్టులూ ఒకదానితో ఒకటి పోల్చి చూడండి. టైరు పక్కభాగం మీద గుండ్రటి గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. 2125 అంటే 2025లో 21వ వారంలో తయారైందని. ఒక టైరు మాత్రం వేరే నెలది అయితే ఎందుకని అడగండి. ఫారం 21లో, అంటే షోరూమ్ ఇచ్చే అమ్మకం సర్టిఫికెట్‌లో, బండి తయారైన నెల, సంవత్సరం రాస్తారు. నాది ఫిబ్రవరి 2025, అంటే ఏడు నెలలకి పైగా ఎండలో వానలో నిలబడి ఉంది. నేను ఆ కాగితం చూసింది డిసెంబర్‌లో.

కొటేషన్‌లో హ్యాండ్లింగ్, లాజిస్టిక్స్ ఛార్జీలని రాసి ఉంటే కొట్టేయమనండి. గట్టిగా అడిగితే కొట్టేస్తారు, నాకు 6,500 తగ్గింది. ఇన్సూరెన్స్ షోరూమ్‌వాళ్ళ దగ్గరే తీసుకోవాలన్న రూలు ఏదీ లేదు. ఫాస్టాగ్ చాసిస్ నంబర్ మీద ఇస్తారు, 90 రోజుల్లో రిజిస్ట్రేషన్ నంబర్ ఎక్కించకపోతే టోల్ దగ్గర ఇరుక్కుంటారు. ఫాగ్ లైట్లకో మ్యూజిక్ సిస్టమ్‌కో బయట వైర్లు కోయించకండి, వారంటీకి అదొక సాకు దొరుకుతుంది.

మొన్న మా బావమరిది కూడా కారు బుక్ చేశాడు, వేరే షోరూమ్‌లో. యార్డు చూడనివ్వం అన్నారట. ‘సరే అండీ, అయితే మిగతా డబ్బు చూశాకే కడతాను’ అని లేచాడు. అరగంటలో వాళ్ళ బండిలోనే తీసుకెళ్ళి చూపించారు. బండి బాగానే ఉంది, ఒక టైరులో గాలి తక్కువుందంతే.