వడగళ్ల వాన క్లెయిమ్: పైకెక్కిన అడ్జస్టర్‌కి నాలుగు స్టార్లు, లోపల కూర్చున్న ఆఫీసుకి రెండు

ముందే చెప్పేస్తున్నా, డబ్బులొచ్చాయి. రూఫ్ మారింది, వెనక ఫెన్స్ మళ్లీ నిలబడింది, గటర్లు కొత్తవి పడ్డాయి. అయినా ఈ హోమ్ ఇన్సూరెన్స్ కంపెనీ క్లెయిమ్ సర్వీసుకి మూడు స్టార్లు మించి ఇవ్వబుద్ధి కావడం లేదు, ఎందుకంటే చేతికొచ్చిన దాంట్లో సగం కంటే ఎక్కువ మేం కాగితాలు పట్టుకుని వెంటపడితేనే వచ్చింది. కంపెనీ పేరు రాయను. అదే కంపెనీతో మా వీధి చివరి వాళ్లకి ఏ గొడవా లేకుండా అయిపోయింది మరి. మన ఫైలు ఎవరి చేతిలో పడుతుందన్నదే అంతా.

డల్లాస్‌కి ఉత్తరాన, ఫ్రిస్కో, ప్రాస్పర్, మెకిన్నీ వైపు ఇల్లు కొన్నవాళ్లకి ఈ బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. మార్చి నుంచి జూన్ దాకా సాయంత్రమైతే ఫోన్‌లో రాడార్ చూసుకోవడం, కార్లు గరాజ్‌లోకి తోసుకోవడం. ఈసారి వడగళ్లు బాగా పెద్దవి పడ్డాయి, దానికి తోడు గాలి. మా నాన్నగారు రాజమండ్రి నుంచి వచ్చి ఉన్నారు అప్పుడు. తెల్లారి లాన్‌లో పడున్న షింగిల్ ముక్క తీసి, వేళ్ల మధ్య వంచి చూసి, "ఏరా, ఇంత డబ్బు పోసి కొన్న ఇంటికి పైన కప్పింది ఈ తారు అట్టా? స్లాబ్ వేసుకోవచ్చుగా వీళ్లు?" అన్నారు. తారు అట్టేనండీ, పైన కాస్త ఇసకరాయి లాంటి పొడి అద్దుతారు, అంతే. ఆ పొడి రాలిపోతే ఎండకి కింద తారు ఎండి పగులుతుంది. వడగళ్ల డ్యామేజ్ అంటే చాలావరకు ఇదే. చిల్లు పడి ఇంట్లోకి నీళ్లు కారడం తక్కువ, అందుకే "లీక్ లేదుగా, మనకేం కాలేదు" అనుకుని వదిలేసేవాళ్లు ఎక్కువ.

క్లెయిమ్ పెట్టడం వరకు మాత్రం వంకపెట్టడానికేం లేదు. యాప్‌లో తేదీ, ఫోటోలు, రెండు ముక్కల వివరణ ఇస్తే క్లెయిమ్ నంబర్ వెంటనే వచ్చేసింది, నష్టం చూసి లెక్కరాసే అడ్జస్టర్ ఎప్పుడొస్తాడో మెసేజ్ కూడా పెట్టారు. ఆ టైమ్‌లో అసలు టెన్షన్ కంపెనీతో కాదు, తలుపు కొట్టే రూఫర్లతో. వాన వెలిసీ వెలియకముందే చేతిలో టాబ్లెట్, మెడలో బ్యాడ్జి వేసుకుని దిగిపోతారు, పక్కింటివాళ్లది మేమే చేస్తున్నామంటారు, ఇక్కడో సంతకం పెట్టండి చాలు అంటారు. టెక్సాస్‌లో రూఫింగ్ పనికి రాష్ట్ర లైసెన్స్ అంటూ ఏదీ లేదు, నిచ్చెనా ట్రక్కూ ఉన్న ప్రతివాడూ రూఫరే. డిడక్టిబుల్ అంటే నష్టంలో మన జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా. "డిడక్టిబుల్ మీరు కట్టక్కర్లేదు, మేం సర్దేస్తాం" అన్నవాడిని అక్కడే ఆపేయండి. 2019 సెప్టెంబర్ 1 నుంచి టెక్సాస్‌లో అది నేరం. డిడక్టిబుల్ కట్టినట్టు రుజువు చూపించమని ఇన్సూరెన్స్ కంపెనీ అడగొచ్చు కూడా, మమ్మల్ని అడిగారు.

ఇక అడ్జస్టర్. కంపెనీ ఉద్యోగి కాదు, సీజన్‌లో కాంట్రాక్టు మీద తెప్పించుకునే ఇండిపెండెంట్ అడ్జస్టర్, ఒక్లహోమా నుంచి వచ్చాడు. ఇలాంటివాళ్లకి క్లెయిముల లెక్కన డబ్బులు, కాబట్టి హడావిడిగా చూసి పోతాడేమో అనుకున్నాం. ఈయన అలా చేయలేదు, ఆ నాలుగు స్టార్లు అందుకే. ముందు కింద నుంచి మొదలుపెట్టాడు: గటర్లు, ఏసీ యూనిట్ చుట్టూ ఉండే సన్నటి రేకులు, కిటికీ స్క్రీన్లు, మెయిల్‌బాక్స్. మెత్తటి లోహం మీద పడ్డ సొట్టల్ని బట్టి వడగళ్లు ఎంత సైజువో, ఏ వైపు నుంచి కొట్టాయో తెలుస్తుందట. తర్వాత పైకెక్కి, రూఫ్‌కి ఒక్కో వైపు చాక్‌పీస్‌తో పదడుగులకి పదడుగుల చదరం గీసి, దాంట్లో తగిలిన ప్రతి దెబ్బ చుట్టూ సున్నా చుట్టాడు. మా రూఫర్ కూడా పక్కనే ఉన్నాడు, అడ్జస్టర్ వచ్చే రోజు మనవైపు మనిషి ఒకరు పైన ఉండేలా చూసుకోవడం చాలా అవసరం. మనం ఎక్కనక్కర్లేదు, ఎక్కొద్దు కూడా. రూఫర్ ఒక షింగిల్ ముక్క కిందకి తెచ్చి చూపించాడు: పొడి రాలి నల్లగా కనిపిస్తున్న చోట బొటనవేలితో నొక్కితే, దెబ్బ తగిలిన జామకాయలా ఆ ఒక్క చోటే మెత్తగా దిగింది. పక్కనంతా గట్టిగా ఉంది. అది చూశాక గానీ నాకు ఈ క్లెయిమ్ న్యాయమైనదేనని పూర్తి ధైర్యం రాలేదు.

దిగొచ్చాక ఫోటోలన్నీ టాబ్లెట్‌లో చూపించాడు, అడిగిన వాటికి విసుక్కోకుండా చెప్పాడు. "ఎంత వస్తుంది?" అంటే మాత్రం నవ్వి, "నేను చూసింది రాసి పంపడం వరకే, నిర్ణయం డెస్క్ వాళ్లది" అన్నాడు. డెస్క్ అంటే ఆఫీసులో కూర్చుని ఫైలు తేల్చేవాళ్లు. ఇక్కడిదాకా అంతా సజావుగా సాగింది.

తర్వాత ఎస్టిమేట్ వచ్చింది, దాంతోపాటే చెక్కు. నాలుగు వందల డాలర్లు. తప్పు చదవలేదు మీరు, 400.

ఈ లెక్క తెలియకపోతే గుండె ఆగుతుంది కాబట్టి వివరంగా చెప్తాను. ఎస్టిమేట్‌లో మొత్తం పనికి వేసింది 14,200 డాలర్లు. దాంట్లోంచి పాత రూఫ్ వయసుకి తరుగుదల కింద 4,800 తీశారు. మిగిలిన 9,400లో మన డిడక్టిబుల్ పోవాలి. ఇక్కడ గాలి, వడగళ్ల డిడక్టిబుల్ వేరుగా ఉంటుంది, వెయ్యి, రెండు వేలు అని కాదు, ఇంటికి రాసిన కవరేజ్‌లో ఒక శాతమో రెండు శాతమో. మాది 4,50,000 మీద రెండు శాతం, అంటే 9,000. మిగిలింది 400. ఆ తరుగుదల 4,800 పోయినట్టు కాదు, పాలసీలో రీప్లేస్‌మెంట్ కాస్ట్, అంటే కొత్తది వేయడానికయ్యే ఖర్చు, అని ఉంటే పని పూర్తి చేసి బిల్లు పంపాక రెండో చెక్కుగా ఇస్తారు. యాక్చువల్ క్యాష్ వాల్యూ అని ఉంటే మాత్రం ఇక అంతే సంగతులు, పాత రూఫ్‌కి పాత ధరే. ప్రీమియం తగ్గుతుందని ఏజెంట్ చెప్పిన మాట మీద రూఫ్ వరకు దాన్ని తీసుకున్నవాళ్లు మనవాళ్లలో చాలామంది ఉన్నారు, చాలామందికి ఆ సంగతే తెలియదు. ఈ రివ్యూ ఇక్కడ ఆపేసి వెళ్లి మీ పాలసీలో ఆ ఒక్క లైను చూసుకున్నా నాకు సంతోషమే.

మాకు లెక్కతో పేచీ లేదు. పేచీ ఆ 14,200తో. ఎస్టిమేట్ అంటే ఎక్సాక్టిమేట్ అనే సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చే పట్టిక, ప్రతి పనికీ ఒక లైను, కొలత, ధర. దాన్ని రూఫర్ ఎస్టిమేట్ పక్కన పెట్టుకుని భోజనాల బల్ల మీద పెన్సిల్‌తో ఒక్కో లైనూ కొట్టుకుంటూ వచ్చాం. రూఫ్ వెనక వైపు వాలు పూర్తిగా లేదు, అడ్జస్టర్ సున్నాలు చుట్టిన ఫోటోలు వాళ్ల ఫైల్‌లోనే ఉన్నా! వాలు ఎక్కువున్న రూఫ్ మీద పనికి అదనంగా ఇచ్చే స్టీప్ చార్జ్ లేదు. అంచున వేసే డ్రిప్ ఎడ్జ్ రేకు లేదు, పాత రూఫ్‌కి లేదు కాబట్టి ఇవ్వం అన్నారు, కానీ ఇప్పుడు కొత్త రూఫ్ వేస్తే సిటీ బిల్డింగ్ కోడ్ ప్రకారం అది వేయాల్సిందే. మన పాలసీలో ఆర్డినెన్స్ ఆర్ లా కవరేజ్ ఉంది, అది ఉన్నదే ఇలాంటి వాటికి. ఫెన్స్ పలకలకి డబ్బు వేశారు, వాటికి వేసే రంగుకి వేయలేదు. ఏసీ రేకులు దువ్వి సరిచేసే పని ఊసే లేదు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి, వీళ్లు ఎక్కడా అబద్ధం చెప్పలేదు. రుజువు చూపించిన ఏ లైన్‌నీ చివరిదాకా కాదనలేదు. కానీ మనం అడగని ఏ లైన్‌నీ వాళ్లంతట వాళ్లు రాయలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు కదా, ఇక్కడ అడిగితే చాలదు, ఫోటో, కొలత, కోడ్ సెక్షన్ జతచేసి అడగాలి. ఇలా అదనంగా అడగడాన్ని సప్లిమెంట్ అంటారు, ఇదేదో మన గొడవ అనుకుని మొహమాటపడక్కర్లేదు, రూఫర్లకీ అడ్జస్టర్లకీ ఇది రోజువారీ వ్యవహారం.

డెస్క్‌కి రెండు స్టార్లు ఎందుకంటే, మా ఫైలు చేతులు మారుతూనే ఉంది. ఒకావిడకి అంతా చెప్పి, ఆవిడ సరే అన్నాక, తర్వాతి వారం ఫోన్ చేస్తే ఇంకెవరో ఎత్తి "నోట్స్‌లో అలాంటిదేమీ లేదండీ" అనే అర్థం వచ్చేలా మాట్లాడతారు. హోల్డ్‌లో పెట్టి అదే పాట వినిపిస్తారు. ఫోన్‌లో చెప్పింది గాలికి పోతుందని అర్థమయ్యాక ప్రతిదీ ఈమెయిల్‌లోకి మార్చాం: "ఈరోజు మీతో మాట్లాడిన దాని ప్రకారం" అని మొదలుపెట్టి, ఏ లైను కావాలో, ఎందుకో, ఏ ఫోటోలో కనబడుతుందో. ఒక లైన్ ఇవ్వం అంటే, పాలసీలో ఏ వాక్యం ప్రకారం ఇవ్వరో రాతపూర్వకంగా చెప్పమని అడిగాం. ఈ ఒక్క ప్రశ్నకి ఉన్న బలం ఇంకే అరుపుకీ లేదు. డ్రిప్ ఎడ్జ్ అలాగే వచ్చింది. వెనక వాలుకి మాత్రం రీఇన్‌స్పెక్షన్ పెట్టించాల్సి వచ్చింది, వేరే అడ్జస్టర్ వచ్చి చూసి, మొదటాయన ఫోటోలే సరైనవని రాసి వెళ్లాడు.

గడువుల సంగతి కూడా తెలిసుంటే మాట్లాడే తీరు మారుతుంది. టెక్సాస్ చట్టం ప్రకారం క్లెయిమ్ అందాక 15 రోజుల్లో అందిందని చెప్పాలి, అడిగిన కాగితాలన్నీ ఇచ్చాక 15 పనిదినాల్లో ఇస్తామో ఇవ్వమో తేల్చాలి, ఇస్తామన్నాక 5 పనిదినాల్లో డబ్బు పంపాలి. కారణం చెప్పి పొడిగించుకోవచ్చు, పెద్ద తుఫానుల్లాంటి విపత్తుల తర్వాత ఈ గడువులకి ఇంకో 15 రోజులు కలుస్తాయి. అయినా కదలకపోతే టెక్సాస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ ఇన్సూరెన్స్‌కి ఆన్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టొచ్చు, ఖర్చు లేదు. మేం పెట్టలేదు, పెడతామని మర్యాదగా ఒక వాక్యం రాశాం, చాలింది.

చివరికి మొత్తం 21,600 అయింది, డిడక్టిబుల్ పోను చేతికి 12,600.

చేతికి అన్నాను గానీ, చెక్కు మీద మన పేరు పక్కన లోన్ కంపెనీ పేరు కూడా ఉంటుంది. ఇది ఇన్సూరెన్స్ వాళ్ల తప్పు కాదు, కానీ వాళ్లు ఒక్క మాట ముందు చెప్పి ఉండొచ్చు. ఆ చెక్కు లోన్ కంపెనీలో ఒక విభాగానికి పోస్టులో పంపి, వాళ్లు సంతకం పెట్టి వెనక్కి పంపేదాకా ఎదురుచూడాలి, మొత్తం పెద్దదైతే సగం పనయ్యాక మనిషిని పంపి చూసుకుని మిగతాది ఇస్తారు. ఈలోపు రూఫర్ డబ్బులు అడుగుతుంటాడు, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు షింగిల్ రంగుకి ఫారం నింపమంటారు. నాన్నగారికి ఇదంతా చెప్తే, "మన ఊళ్లో అయితే మేస్త్రీని పిలిచి ఈపాటికి రెండు సార్లు కట్టించేవాణ్ణి" అన్నారు. కాదనలేం, అయితే అక్కడ ఖర్చంతా ఆయన జేబులోంచే.

పబ్లిక్ అడ్జస్టర్‌ని పెట్టుకోవాలా అని మా వాట్సాప్ గ్రూపులో చాలామంది అడిగారు. వాళ్లు మనవైపు లైసెన్స్ ఉన్న అడ్జస్టర్లు, ఇక్కడ సెటిల్‌మెంట్‌లో పది శాతం దాకా తీసుకోవచ్చు. నా అభిప్రాయం: మామూలు రూఫ్ క్లెయిమ్‌కి దండగ, ఈమెయిల్ రాయగలిగిన మనిషికి అసలే వద్దు. లోపల సీలింగులు, ఫ్లోరింగ్ పోయి లక్షల్లో ఉన్నప్పుడు, లేదా మొత్తంగా కాదన్నప్పుడు ఆలోచించండి. రూఫర్‌నే "మీరే మా తరఫున మాట్లాడండి" అని మాత్రం వదిలేయకండి. ఆయన తన ఎస్టిమేట్ వివరించొచ్చు, మన క్లెయిమ్ బేరం ఆడటానికి చట్టం ఒప్పుకోదు.

హ్యూస్టన్ వైపు, కేటీ, షుగర్‌ల్యాండ్ వాళ్లకి ఈ రివ్యూ సగమే పనికొస్తుంది, అక్కడ గాలి కంటే నీళ్ల భయం ఎక్కువ. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను అప్పుడు ఇళ్లలోకి నీళ్లొచ్చినవాళ్లలో ఫ్లడ్ పాలసీ లేనివాళ్లు ఎంతోమంది. మామూలు హోమ్ ఇన్సూరెన్స్ నేల మీద నుంచి వచ్చిన వరదకి పైసా ఇవ్వదు. ప్రభుత్వ ఫ్లడ్ పాలసీ కొన్నా సాధారణంగా 30 రోజులు ఆగితే గానీ అమల్లోకి రాదు, తుఫాను గల్ఫ్‌లో కనబడ్డాక పరిగెత్తితే లాభం లేదు.

ఇంతకీ ఈ కంపెనీ తీసుకోమంటారా అంటే, ఓపికా, కాగితాలు దాచుకునే అలవాటూ ఉంటే పర్వాలేదు, తీసుకోండి. ఫోన్‌లో చెప్తే అయిపోవాలి అనుకునేవాళ్లు వేరే చూసుకోండి, లేదా చేతిలో ఫైలు పట్టుకుని తిరిగే మంచి ఏజెంట్ దగ్గర కొనండి. మా రెన్యువల్ వచ్చే నెల. రెండు శాతం డిడక్టిబుల్‌ని ఒక శాతానికి మారిస్తే ప్రీమియం ఎంత పెరుగుతుందో, వడగళ్ల దెబ్బకి బాగా తట్టుకునే క్లాస్ 4 షింగిల్స్‌కి డిస్కౌంట్ ఎంత ఇస్తారో, ఆ డిస్కౌంట్ కోసం కాస్మెటిక్ డ్యామేజ్ (చూపు చెడడమే తప్ప పనికి తేడా రాని సొట్టల్లాంటివి) అడగం అని ఏమైనా సంతకం పెట్టమంటారో, మూడూ ఒకే ఈమెయిల్‌లో అడిగాను. మొదటిదానికి జవాబొచ్చింది, మిగతా రెండూ మళ్లీ పంపాను.