గ్యాస్ ఇంజిన్‌ను నిలబెట్టింది తుప్పు రజనే

బయోగ్యాస్‌తో కరెంటు అనగానే అందరూ ఎన్ని యూనిట్లని అడుగుతారు. బోయిన్‌పల్లి మార్కెట్‌లో 10 టన్నుల కూరగాయల చెత్తతో రోజుకు 500 యూనిట్ల దాకా వస్తోందని 2021 జనవరి ‘మన్ కీ బాత్’లో ప్రధాని చెప్పారు కాబట్టి ఆ లెక్క చాలామందికి తెలిసిందే. మా మున్సిపాలిటీ ప్లాంటు అంతకన్నా చాలా చిన్నది. ఆపరేటర్‌గా ఏళ్ల తరబడి దాన్ని నడిపాక నేను గట్టిగా చెప్పేది ఒక్కటే: ఇంజిన్ ఏ కంపెనీదైనా సరే, దాని ముందు గ్యాస్‌ను శుభ్రం చేసే స్క్రబ్బర్ లేకుండా నడపకండి.

మాకు ఇంజిన్ అమ్మినవాళ్లు స్క్రబ్బర్ అక్కర్లేదన్నారు. మొదట్లో బాగానే నడిచింది. క్యాబేజీ, కాలీఫ్లవర్, ఉల్లి చెత్త ఎక్కువైన సీజన్‌లో అసలు సంగతి బయటపడింది. వాటిలోని గంధకమే గ్యాస్‌లో హైడ్రోజన్ సల్ఫైడ్‌గా తేలుతుంది; కుళ్లిన గుడ్డు వాసన కొట్టే ఆ వాయువు ఇంజిన్ ఆయిల్‌నీ, లోహాన్నీ తినేస్తుంది. ఆయిల్ మార్చిన కొద్దిరోజులకే డిప్‌స్టిక్ తీస్తే నల్లగా, ఘాటు వాసనతో ఉండేది. ఓ సాయంత్రం పంపు వేయగానే ఇంజిన్ మిస్సింగ్ కొట్టి ఆగిపోయింది. యార్డంతా చీకటి. మెకానిక్ గ్యాస్ లైన్‌లోని ఇత్తడి వాల్వ్ విప్పి నా చేతిలో పెట్టాడు. గోటితో గీకితే నల్లటి పొర పెచ్చులుగా రాలింది. “వాల్వే ఇలా ఉంటే బేరింగుల గతేంటి సార్?” అన్నాడు. అవీ అలాగే ఉన్నాయి. ఆ రిపేరు బిల్లు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

తర్వాత పెట్టించిన స్క్రబ్బర్ ఖరీదైన యంత్రమేమీ కాదు, తుప్పు పట్టిన ఇనుప రజను నింపిన డ్రమ్ము. గ్యాస్ అందులోంచి పోతుంటే సల్ఫైడ్ ఆ తుప్పుకు పట్టేసి, ఎర్రటి రజను నల్లబడుతుంది. బయటికి తీసి గాలికి పరిస్తే మళ్లీ ఎర్రబడుతుంది! మొదటిసారి అది చూసి ప్రాణం లేచొచ్చింది. కుళ్లిన గుడ్డు వాసన పోయింది, ఆయిల్ నిలబడుతోంది.

అలాగని పెట్టి మరిచిపోయే వస్తువు కాదు. గాలికి పరిచినప్పుడు రజను బాగా వేడెక్కుతుంది, నీళ్లు చల్లకపోతే అంటుకోవచ్చు కూడా. కొన్నిసార్లు వాడాక గంధకం పేరుకుపోతుంది, కొత్త రజను వేయాల్సిందే. వానాకాలంలో పైపుల్లో నీరు చేరి రజను ముద్దకడితే గ్యాస్ ప్రెషర్ పడిపోతుంది.

మాకు వచ్చేది రైతుబజారు చెత్త, హోటళ్ల అన్నం. కరెంటు యార్డు పంపుకీ, దీపాలకీ వాడుకుంటాం కాబట్టి రజను మార్చేటప్పుడు కాసేపు ఆపినా నడుస్తుంది. చేపలు, చికెన్ వ్యర్థాలు కూడా కలిసే ఊళ్లో గంధకం ఇంకా పెరుగుతుంది. అలాంటి చోట రెండు డ్రమ్ములు పెట్టించుకోండి. ఒకదాన్ని ఖాళీ చేసేటప్పుడు రెండోది నడుస్తుంది.