ఎఫ్‌ఎన్‌డీసీపాస్, ఏఎఫ్‌పాస్‌డబ్ల్యూడీ: చాలా ఏళ్లు వాడాక నా అభిప్రాయం

కంపెనీల లెక్కలు, జీతాలు చూసుకునే ఒరాకిల్ ఈ-బిజినెస్ సూట్ కొత్తగా ఇన్‌స్టాల్ చేస్తే దాని ముఖ్యమైన డేటాబేస్ యూజర్ యాప్స్‌కి పాస్‌వర్డ్ యాప్స్, జనరల్ లెడ్జర్ (జీఎల్)కి జీఎల్, పేయబుల్స్ (ఏపీ)కి ఏపీ, డేటాబేస్ అడ్మిన్ యూజర్ సిస్టమ్‌కి మేనేజర్. అమీర్‌పేటలో డేటాబేస్ అడ్మిన్ (డీబీఏ) కోర్సు చేసిన ప్రతివాళ్లకీ ఇవి నోటికొచ్చు. వీటిని మార్చకుండా సర్వర్‌ని యూజర్ల చేతికి ఇవ్వడం నాకు అస్సలు ఇష్టం ఉండదు. మార్చడానికి ఉన్న టూల్స్ రెండూ, అంటే ఎఫ్‌ఎన్‌డీసీపాస్, ఏఎఫ్‌పాస్‌డబ్ల్యూడీ, ఈ సూట్ 12.1 వెర్షన్‌లోనూ 12.2లోనూ బాగా వాడాను.

మామూలు డేటాబేస్‌లో అయితే ఆల్టర్ యూజర్ అనే కమాండ్ కొడితే పని అయిపోతుంది. ఇక్కడ యాప్స్ మీద ఆ కమాండ్ కొట్టకూడదు. స్కీమాల (ఒక్కో డేటాబేస్ యూజర్ పేరు కింద ఉండే టేబుల్స్ గుంపుల) పాస్‌వర్డ్‌లు ఎన్‌క్రిప్ట్ అయి ఎఫ్‌ఎన్‌డీ_ఒరాకిల్_యూజర్‌ఐడీ టేబుల్‌లో కూడా ఉంటాయి, ఆ ఎన్‌క్రిప్షన్‌కి తాళంచెవి యాప్స్ పాస్‌వర్డే. డేటాబేస్‌లో మారి టేబుల్‌లో మారకపోతే అప్లికేషన్ లోపలికి ఎవరూ వెళ్లలేరు. ఈ టూల్స్ రెండు చోట్లా ఒకేసారి మారుస్తాయి, యాప్స్‌తో పాటు, దానితో ఒకే పాస్‌వర్డ్ పంచుకునే యాప్‌ల్‌సిస్, 12.2లో యాప్స్_ఎన్‌ఈ యూజర్లకి కూడా.

ఎఫ్‌ఎన్‌డీసీపాస్ పాతది, నమ్మకంగా పనిచేస్తుంది. కానీ పాత పాస్‌వర్డ్, కొత్త పాస్‌వర్డ్, సిస్టమ్ పాస్‌వర్డ్ అన్నీ కమాండ్ లైన్‌లోనే టైప్ చేయాలి. అది నడుస్తున్నంతసేపూ అదే సర్వర్‌లో, నడుస్తున్న ప్రోగ్రామ్‌ల జాబితా చూపే పీఎస్ కమాండ్ కొట్టినవాళ్లకి కనిపించవచ్చు, పైగా కొట్టిన కమాండ్లు దాచుకునే షెల్ హిస్టరీలో ఉండిపోతాయి. భద్రత కోసం చేసే పనిలో ఇది పెద్ద లోపం. ఏఎఫ్‌పాస్‌డబ్ల్యూడీ ఒక్కొక్కటీ అడిగి తీసుకుంటుంది, స్క్రీన్ మీద అక్షరం పడదు, ఆ పనికి అవసరమైన పాస్‌వర్డ్ మాత్రమే అడుగుతుంది. నా ఓటు దీనికే.

జీఎల్, ఏపీ లాంటి మాడ్యూళ్ల స్కీమాలన్నిటికీ ఒక్క దెబ్బతో మార్చే ఆల్‌ఒరాకిల్ మోడ్ ఇన్‌స్టాల్ రోజున చాలా పనికొస్తుంది. కాకపోతే అన్నిటికీ ఒకటే పాస్‌వర్డ్ పడుతుంది. పేరోల్ డేటా ఉన్న హెచ్‌ఆర్ స్కీమాకి నేను తర్వాత విడిగా మారుస్తాను. మొదలుపెట్టేముందు అప్లికేషన్ యూజర్ల వివరాలుండే ఎఫ్‌ఎన్‌డీ_యూజర్, ఎఫ్‌ఎన్‌డీ_ఒరాకిల్_యూజర్‌ఐడీ టేబుల్స్ బ్యాకప్ తప్పనిసరి. ఎఫ్‌ఎన్‌డీసీపాస్ వాడితే ప్రాంప్ట్ తిరిగి వచ్చింది కదా అని లేచిపోవద్దు. ఏ డైరెక్టరీలో నడిపారో అక్కడే ఎల్‌తో మొదలయ్యే లాగ్ ఫైల్ ఉంటుంది, దాన్ని తెరిచి చివరిదాకా చదవాలి.

12.2లో అసలు టెన్షన్ ఆ తర్వాతే. సర్వీసులన్నీ ఆపి పాస్‌వర్డ్ మార్చాలి, కాన్ఫిగరేషన్ ఫైళ్లను తిరిగి రాసే ఆటోకాన్ఫిగ్ నడపాలి, వెబ్‌లాజిక్ (సూట్‌ని నడిపే అప్లికేషన్ సర్వర్) అడ్మిన్ సర్వర్ ఒక్కటే లేపాలి, దాని కన్సోల్‌లో డేటాబేస్ కనెక్షన్ వివరాలుండే ఈబీఎస్‌డేటాసోర్స్‌కి కొత్త పాస్‌వర్డ్ ఇవ్వాలి. మిగతావి లేపేది అప్పుడే. డేటాసోర్స్ మరిచిపోతే, యూజర్ల పేజీలు నడిపే ఓఏకోర్ సర్వర్ పాత పాస్‌వర్డ్‌తోనే డేటాబేస్ తలుపు తడుతూ ఉంటుంది.

ఏ టూలూ చూపించనివి ఇంకా ఉన్నాయి: టైమ్ ప్రకారం పనులు నడిపే క్రాన్‌లో పడి ఉన్న స్క్రిప్టులు, వేరే డేటాబేస్‌ల నుంచి వచ్చే డీబీ లింకులు, పక్క సర్వర్‌లోని ఇంటర్‌ఫేస్‌లు. ఒక క్లయింట్ దగ్గర పాత మానిటరింగ్ స్క్రిప్ట్ ఒకటి పాత పాస్‌వర్డ్‌తో అదేపనిగా లాగిన్‌కి ప్రయత్నించి యాప్స్ అకౌంట్‌నే లాక్ చేసేసింది. డేటాబేస్ లాగిన్ నియమాలుండే డిఫాల్ట్ ప్రొఫైల్‌లో 10 తప్పు ప్రయత్నాలకే లాక్ పడుతుంది. అందుకే మార్చేముందు యాప్స్ పేరుతో ఏయే మెషీన్ల నుంచి సెషన్లు వస్తున్నాయో వీ-డాలర్-సెషన్ అనే వ్యూలో కొన్నాళ్లు గమనించి, జాబితా రాసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

పని పూర్తయ్యాక ఒరాకిల్ డేటాబేస్ 11జీ నుంచీ ఉన్న డీబీఏ_యూజర్స్_విత్_డెఫ్‌పీడబ్ల్యూడీ అనే వ్యూ చూడండి. డిఫాల్ట్ పాస్‌వర్డ్ మిగిలిన యూజర్ల పేర్లు అందులో వస్తాయి. లాక్ అయినవి కూడా వస్తాయి కాబట్టి డీబీఏ_యూజర్స్‌తో కలిపి స్టేటస్ చూసుకోవాలి. ప్రొడక్షన్ నుంచి టెస్ట్‌కి క్లోన్ (మొత్తం కాపీ) చేసిన ప్రతిసారీ ఇదంతా మళ్లీ చేయాల్సిందే. క్లోన్‌తో పాటు ప్రొడక్షన్ పాస్‌వర్డ్‌లూ వచ్చేస్తాయి, టెస్ట్ సర్వర్‌లోకి డెవలపర్లందరూ వెళ్తారు.