అన్నవాహిక బయాప్సీలకి 22 నంబర్ ఐపీస్: కొన్నేళ్ళు వాడాక

మా తిరుపతి ల్యాబ్‌కి ఈ మైక్రోస్కోప్ వచ్చినప్పుడు చూడ్డానికి వచ్చినవాళ్ళంతా ఎల్ఈడీ వెలుగునే మెచ్చుకున్నారు. ఇన్నేళ్ళు వాడాక నాకు మాత్రం దీని ఐపీసే, అంటే కన్ను ఆనించే కటకమే ప్రాణం. పక్కన '10ఎక్స్/22' అని ఉంటుంది కదా, ఆ 22. ఒక్క చూపులో ఎంత వెడల్పు కనబడుతుందో చెప్పే అంకె అది. పాతదాని మీద 18 ఉండేది.

40 ఆబ్జెక్టివ్ (స్లైడ్ వైపు ఉండే, 40 రెట్లు పెద్దది చేసే కటకం) కింద 18తో కనబడే ఫీల్డ్, అంటే గుండ్రటి మేర, వ్యాసం 0.45 మిల్లీమీటర్లు, 22తో 0.55. వైశాల్యం కడితే సుమారు 0.16, 0.24 చదరపు మిల్లీమీటర్లు, అంటే ఒకటిన్నర రెట్లు. ఇయోసినోఫిలిక్ ఈసోఫగైటిస్ అంటే ఇయోసినోఫిల్స్ అనే, ఎర్ర గ్రాన్యూల్స్ (రేణువులు) ఉండే తెల్ల రక్తకణాలు అన్నవాహికలో చేరి వాపు తెచ్చే జబ్బు. దానికి మనమంతా పట్టుకునే హద్దేమో 'హై పవర్ ఫీల్డ్‌కి 15', అంటే 40 ఆబ్జెక్టివ్ కింద కనబడే ఒక ఫీల్డ్‌లో 15 కణాలు. ఎంత పెద్ద ఫీల్డ్ అని చాలా రిపోర్టుల్లో ఉండదు.

పీలేరు వైపు నుంచి ఒక కుర్రాడి స్లైడ్లు రెండో అభిప్రాయానికి వచ్చాయి. సంగటి దిగుతుందట, మాంసం ముక్క పడితే మాత్రం రొమ్ములో ఆగిపోతుందట, నీళ్ళు తాగినా కదలదట. వేరే ఊళ్ళో ఇచ్చిన రిపోర్టులో 'ఫీల్డ్‌కి 11 ఇయోసినోఫిల్స్, రిఫ్లక్స్ కావచ్చు' అని ఉంది, అంటే కడుపులో ఆమ్లం పైకి తన్నడం వల్ల కావచ్చని. స్లైడ్ చూస్తే అడుగునుండే బేసల్ పొర పెరిగి మొత్తం మందంలో సగందాకా వచ్చింది, కిందనుంచి వేళ్ళలా పొడుచుకొచ్చే పాపిల్లాలు పైదాకా సాగాయి, కణాల మధ్య సందులు ఉబ్బాయి. ఉపరితలం దగ్గర ఇయోసినోఫిల్స్ నాలుగైదేసి గుంపు కట్టి ఉన్నాయి. బాగా ఒత్తుగా ఉన్నచోట లెక్కపెడితే 17 వచ్చాయి.

పాత మైక్రోస్కోప్ దించి అదే చోటు పెట్టాను. సరిగ్గా 11. అక్కడ లెక్కపెట్టినవాళ్ళు సరిగ్గానే పెట్టారన్నమాట. రెంటినీ చదరపు మిల్లీమీటర్‌కి మారిస్తే 70 దగ్గరే తేలింది. ఆ లెక్కన హద్దు దాదాపు 60. ఫీల్డ్ సైజు ఒక్క ముక్క రాసి ఉంటే ఆ పిల్లాడికి అన్నాళ్ళు తినాలంటేనే భయం ఉండేది కాదేమో అని నాకు ఇప్పటికీ బాధ. రిఫ్లక్స్‌లోనూ ఇయోసినోఫిల్స్ వస్తాయి కాబట్టి లెక్క ఒక్కటే చాలదు. ఎండోస్కోపీలో కనబడిన ఉంగరాలు, నిలువు గాళ్ళు, కుర్రాడి బాధ అన్నీ కలిపి చూసి గ్యాస్ట్రో డాక్టరుగారు వైద్యం మార్చారు.

ఫీల్డ్ అంచుదాకా స్పష్టంగా ఉంటుందని మొదట్లో స్నేహితులకి చెప్పాను. 4, 10 ఆబ్జెక్టివ్‌లకి ఆ మాట నిజమే. 40 దగ్గర అంచున కొంచెం మసకబారుతుంది. అక్కడున్న కణంలో ఎర్ర గ్రాన్యూల్స్ ఉన్నాయో లేవో తేల్చాలంటే ఫైన్ ఫోకస్ తిప్పాల్సిందే. వరసగా చూసే రోజు కళ్ళు లాగుతాయి.

నా పని ఎక్కువగా ఎండోస్కోపీ ముక్కలతో కాబట్టి ఖర్చు గిట్టుబాటైంది. రక్తం స్మియర్లు ఎక్కువ చూసే ల్యాబ్‌కి ఇది అంత అవసరమని చెప్పలేను. పాత మైక్రోస్కోప్ గొట్టం సన్నమైతే ఈ ఐపీస్ అందులో దూరదు కూడా. 18 ఉన్నవాళ్ళు స్టేజ్ మైక్రోమీటర్‌తో (సన్నటి కొలత గీతలున్న స్లైడ్‌తో) ఒక్కసారి ఫీల్డ్ కొలిచి పెట్టుకున్నా చాలు. మన వైపు 'వేలూరు తీసుకెళ్తాం, స్లైడ్లు, బ్లాకులు ఇవ్వండి' అని అడిగేవాళ్ళు ఎక్కువ. అక్కడ చూసేవాళ్ళకీ మన అంకె అర్థం కావాలి. నేను రిపోర్టు కింద రాసేది ఇంతే: 'అత్యధికంగా ఫీల్డ్‌కి 17, ఫీల్డ్ 0.24 చదరపు మిల్లీమీటర్లు. చదరపు మిల్లీమీటర్‌కి సుమారు 70.'